మేం నిజంగానే పెళ్లి చేసుకున్నాం

జూబ్లీహిల్స్‌లో యూటర్న్‌లు మూసెయ్యడం మీద నాకు కాస్త అభ్యంతరం ఉంది. పెద్దది కాదు, చిన్నదే. రోడ్డుకు అవతలి పక్క, పిలిస్తే పలికేటంత దూరంలో ఉన్న మందుల షాపుకు వెళ్లాలంటే, చెక్‌పోస్టు దాకా పోయి, అక్కడ నాలుగు సిగ్నళ్లకు దణ్ణం పెట్టుకుని, మళ్లీ వెనక్కి రావాలి. వచ్చేసరికి తలనొప్పి దానంతటదే తగ్గిపోతోంది. ఇక ఆ షాపువాడి గతేం కాను? మొన్న సెలవుకు వచ్చినప్పుడు ఇలాగే తిప్పి తిప్పి విసుగెత్తిన క్యాబ్ డ్రైవరు, బండిని ఫిల్మ్ నగర్ సందుల్లోకి పోనిచ్చాడు. ఒక మలుపులో పళ్ల డాక్టరు బోర్డు తగిలించుకున్న మూడంతస్తుల మేడ కనిపించింది. పక్కన కునుకు తీస్తున్న మా ఆవిణ్ణి మోచేత్తో పొడిచి, "ఇదే" అన్నాను. "ఏది?" అంది కళ్లు తెరవకుండానే. ఆవిడ తప్పు లేదు, ఆ మేడ లోపలికి ఎన్నడూ వచ్చింది కాదు. కానీ నేను ఆవిడకు మొగుణ్నని కెనడా దేశం ఒప్పుకోవడం మొదలుపెట్టింది ఆ మేడలోనే. అప్పట్లో అది డబ్బింగ్ థియేటరు.

ఆ రోజుల్లో నేను సినిమాల్లో ఉండేవాణ్ని. ఈ మాట అనగానే జనం నా మొహంలోకి ఓసారి చూసి, మర్యాద కొద్దీ ఊరుకుంటారు. తెర మీద కాదు, తెర వెనక. ఇంకా చెప్పాలంటే, తెర వెనక ఉన్నవాళ్లకు కొంచెం వెనక. ఎం.ఏ. ఎకనామిక్స్ చదివి, రాజమండ్రి నుంచి రైలెక్కి, కృష్ణానగర్‌లో గది తీసుకుని, అసిస్టెంటు డైరెక్టరుగా కంటిన్యుటీ చూసేవాణ్ని. అంటే, ఇవాళ సగం తీసిన సీను మిగతా సగం వచ్చే నెల తీస్తే, హీరో చొక్కాకు ఎన్ని గుండీలు ఊడి ఉన్నాయో, హీరోయిను జడలో మల్లెలు ఎన్ని వరసలో, గ్లాసులో పాలు ఎంతవరకు తాగారో, అన్నీ అప్పటిలాగే ఉండేట్టు చూడ్డం. ఇందుకోసం నొక్కగానే ఫోటో బయటికి తోసే పోలరాయిడ్ కెమెరా ఒకటి మెళ్లో వేసుకుని తిరిగేవాణ్ని. పదకొండు సినిమాలు చేశాను. ఒక్కదాంట్లోనూ గుండీ తేడా రాలేదు. నాకు గర్వమంటూ ఉంటే ఆ ఒక్క విషయంలోనే.

మా బావమరిది అప్పటికి బావమరిది కాదు, స్టిల్ ఫోటోగ్రాఫరు. మూడు సినిమాలు పక్కపక్కన ఎండలో నిలబడ్డాక, నాలుగో సినిమా టిఫిన్ల దగ్గర, "మా అక్కకు సంబంధాలు చూస్తున్నం. నీకేమన్న అలవాట్లున్నయా?" అని అడిగాడు. నాకు మంచివీ చెడ్డవీ కూడా లేవన్నాను. అక్కగారు కెనడాలో ఫిజియోథెరపిస్టు. వెళ్లి మూడేళ్లయింది. అక్కడి పరీక్ష రెండోసారికి గట్టెక్కి, ఒక ఆసుపత్రిలో స్థిరపడింది. టోలిచౌకిలో వాళ్ల ఇంట్లో ఫోటో చూపించారు, ఫోన్లో మాట్లాడించారు. ఆవిడ మూడు వారాల సెలవు మీద వచ్చింది, పెళ్లి జరిగింది. ఫోన్లో ఉన్న గొంతుకు మనిషి ఉందని తెలిసి నాకు కలిగిన ఆనందం మామూలుది కాదు. వారం రోజులు నేల మీద నడిచిన గుర్తు లేదు.

ఎనిమిదో రోజున బావమరిది వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. మొహంలో రక్తం లేదు. పెళ్లి ఫోటోల రీళ్లన్నీ ఒక సంచిలో వేసుకుని ల్యాబుకు బయల్దేరాడట. ల్యాబు వచ్చింది, తను దిగాడు, సంచి మాత్రం ఆటోలో మెహదీపట్నం వైపు వెళ్లిపోయింది. వీడియో లేదు. తను ఉండగా వీడియో అనడం తన వృత్తిని అవమానించడమేనని ముందే పంతం పట్టి మాన్పించాడు. ఇప్పట్లా మనిషికో కెమెరా జేబులో ఉన్న కాలం కూడా కాదు. వీసా దరఖాస్తుకు పెళ్లి ఫోటోలు తప్పనిసరి, మా ఆవిడ విమానం ఇంకో నాలుగు రోజుల్లో. అందరం తలలు పట్టుకుని కూర్చున్నాం. అప్పుడు నేనే, వృత్తిధర్మంగా, చాలా మామూలుగా అన్నాను: "పోనీ, మళ్లీ తీద్దాం."

సినిమావాళ్లకు ఇందులో వింతేమీ లేదు. పోయిన షాటు మళ్లీ తీస్తాం, అది అబద్ధం కిందికి రాదు. మా సినిమా కోసం వేసిన పెళ్లిమంటపం సెట్టు ఇంకా విప్పలేదు. మధ్యాహ్నం భోజనాల విరామంలో రెండు గంటలు వాడుకోమన్నారు. అదే చీర, అదే పంచె, అవే రంగు పూలదండలు. పెళ్లిలో నా నుదుటి బొట్టు కాస్త ఎడమకు జారిందని గుర్తుపెట్టుకుని మరీ జార్చి పెట్టుకున్నాను. ఒక్కచోటే పేచీ వచ్చింది. తాళి కట్టే షాటు కోసం మెళ్లో ఉన్నది తీసి మళ్లీ కడదామంటే మా అత్తగారు ఇంతెత్తున లేచింది. "పుస్తె తీసుడేంది? మీ సినిమా పిచ్చికి నా బిడ్డ మెడల పుస్తె తీస్తరా? దూరముండుర్రి!" సరే, అసలుది జాకెట్టు లోపలికి దోపి, పైన సెట్టు సామాన్లిచ్చే ప్రాపర్టీ డిపార్ట్‌మెంటు తాళి కట్టాను. బావమరిది నేల మీద పడుకుని, స్టూలెక్కి, అరుస్తూనే ఉన్నాడు. "బావా, గదుమ జర పైకి! అక్కా, సిగ్గుపడు. గంత గాదు, జర తక్కువ!" మా ఆవిడ మధ్యలో, "మెడ మీద గుంజుతుంది" అంది. సిగ్గుపడే షాటులో ఆ మాత్రం ఇబ్బంది మొహంలో ఉంటే బావుంటుందనుకున్నాను నేను.

ఫోటోలు అద్భుతంగా వచ్చాయి. మంటపం మీద పడ్డ వెలుగు చూస్తే దేవతలు టార్చిలైట్లు పట్టుకున్నట్టుంది. ఆవిడ వెళ్లిపోయింది. అక్కణ్నుంచి దరఖాస్తు పెట్టింది, నేను ఇక్కణ్నుంచి కాగితాలు పంపాను. మేం ఎలా కలిశాం, ఎవరు ముందు ఏమన్నారు, పెళ్లికి ఎందరు వచ్చారు, ఇద్దరం చెరో ఖండంలో కూర్చుని వేర్వేరుగా రాసి, ఫోన్లో సరిచూసుకునేవాళ్లం. ఒకసారి ఆవిడ, "నాకు దొండకాయంటే ఇష్టమని రాసినవా? ఎవలు చెప్పిన్రు?" అని నిలదీసింది. ఎవరూ చెప్పలేదు, ఆవిడ మొదటిరోజు వద్దనలేదంతే. నెలలు గడిచాయి. వీసా ఆఫీసు నుంచి ఉత్తరం రాదు. చివరికి ఆవిడ ఒకటే మాట చెప్పింది: వీసా కాదంటే అప్పీళ్లూ గిప్పీళ్లూ వద్దు, ఉద్యోగం వదిలేసి తనే వచ్చేస్తుంది. రెండుసార్లు రాసి గట్టెక్కిన పరీక్ష, మూడేళ్ల కష్టం, అన్నీ నా వల్ల గంగలో కలుస్తాయి. ఆ రోజు నుంచి నాకు హీరోల గుండీలు సరిగ్గా కనిపించడం మానేశాయి.

ఏడాది దాటాక కబురొచ్చింది, ఫలానా రోజు పదకొండు గంటలకు ఫోనులో ఇంటర్వ్యూ. నా గదిలో ఫోను లేదు. ఫిల్మ్ నగర్‌లో నిశ్శబ్దమన్నది దొరికే చోటు డబ్బింగ్ థియేటరు ఒక్కటే. అక్కడి సౌండ్ ఇంజినీరు నాకంటే పదేళ్లు పెద్ద, "తమ్మీ" అని పిలిచేవాడు, మా పెళ్లికీ వచ్చాడు. అతని ఫోను నంబరే రాసి పంపాను. ఆ రోజు అతనే ఫోను తీగ సాగదీసి, మైకు గదిలో స్టూలు మీద పెట్టి, "ఫికర్ చెయ్యకు. ఈడ బాంబు పడ్డా బయటికి వినరాదు" అని అద్దం అవతలికి వెళ్లి కూర్చున్నాడు. మైకు ఆపాలన్న సంగతి ఇద్దరికీ తట్టలేదు. అతనికి హెడ్‌ఫోన్లు తీసే అలవాటు లేదు.

మాట్లాడింది తెలుగావిడ. ఇంగ్లీషా, తెలుగా అని అడిగింది. "తెలుగైతే ఫీల్ బావుంటుందండీ" అన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు. మొదటి అరగంట దివ్యంగా నడిచింది. మా ఆవిడ ఆసుపత్రి పేరు, బావమరిది వయసు, అత్తగారి మోకాళ్ల నొప్పులు, అన్నీ గడగడా అప్పజెప్పాను. అద్దం అవతల ఇంజినీరు బొటనవేలు పైకెత్తి చూపిస్తున్నాడు.

"ఫోటోలు చాలా బాగున్నాయండీ" అందావిడ.

"మా బావమరిది తీశాడండీ."

"మరీ బాగున్నాయి." కాగితం తిప్పిన చప్పుడు. "ఈ తాళి కడుతున్న ఫోటోలో, మీ చేతుల కిందే, ఆవిడ మెడ మీద ఇంకో పసుపుతాడు ఉంది. అదేమిటండీ?"

ఆ ఫోటో నా కళ్ల ముందుకొచ్చింది. జడ పైకెత్తి పట్టుకున్నారు, నేను మూడో ముడి వేస్తున్నాను, దాని కింద అంగుళం దూరంలో, నున్నగా, పచ్చగా, ఎవరైనా చూసుకోండన్నట్టు ఇంకో తాడు. పదకొండు సినిమాల గుండీలు లెక్కపెట్టిన కళ్లు నావి.

"అదీ తాళేనండీ" అన్నాను.

"ఎవరు కట్టింది?"

"నేనేనండీ."

"ఎప్పుడు?"

"అంతకు తొమ్మిది రోజుల ముందు."

"మరి ఈ ఫోటోలో కడుతున్నది?"

"అది కంపెనీదండీ. సాయంత్రం తిరిగిచ్చేశాం."

అవతల పెన్నుతో ఏదో రాసుకుంటున్న చప్పుడు. మా ఆవిడకు ముందే ఇంకెవరితోనో పెళ్లయిందనుకుంటున్నారేమోనని నాకు అప్పుడు వెలిగింది. వెలిగాక ఇక ఆగలేదు. సంచి, ఆటో, సెట్టు, అత్తగారు, జారిన బొట్టు, అన్నీ ఒక్క ఊపిరిలో చెప్పేశాను. ఆవిడ విని, "అయితే ఇవి పెళ్లినాటి ఫోటోలు కావన్నమాట. ఆ సంగతి మీరు ఎక్కడా రాయలేదు" అంది.

"పెళ్లి అసలుదేనండీ. ఫోటోలు రీటేకు. మా పనిలో..." అని నీళ్లు నమిలాను. మా పనిలో అయితే ఏమిటి?

"పెళ్లి రోజుది ఒక్క ఫోటో కూడా లేదా మీ దగ్గర?"

"లేదం..." అంటూండగానే, దూది కుక్కిన ఆ మందపాటి తలుపు ధడాలున తెరుచుకుంది. ఇంజినీరు, మెళ్లో హెడ్‌ఫోన్లు వేలాడుతుండగా, "ఉన్నది మేడమ్! నా దగ్గరున్నది!" అని అరుస్తూ వచ్చాడు.

"ఎవరండీ ఆయన?"

"సౌండ్ ఇంజినీరండీ. మైకు... ఆపడం మర్చిపోయామండీ."

ఈలోగా అతను నా చేతిలోంచి రిసీవరు లాక్కున్నాడు. "మేడమ్, నేను పెండ్లికి పోయిన, అన్నం తిన్న. ఒట్టు, పప్పుల ఉప్పెక్కువైంది. ఇగ ఫోటో అంటరా, ఈయన సంచి మీద కెమెరా ఉంటే తీసి గట్లనే ఒకటి కొట్టిన. నా బీరువా తలుపుకే అతికించుకున్న, యాష్టకొచ్చినప్పుడు చూసి నవ్వుకుందామని."

ఉంది నిజంగానే, వారం వారం నేను వచ్చిపోయే గదిలో, బీరువా తలుపు లోపలివైపు. చతురస్రాకారంలో చిన్న పోలరాయిడ్. నా కళ్లు సగం మూసుకుపోయి ఉన్నాయి. మా ఆవిడ హోమం పొగకు తుమ్మబోతూ నోరు తెరిచింది. పంతులుగారి మోచేయి సగం ఫోటోను ఆక్రమించింది. వెనక అత్తగారు ఎవరినో చెయ్యెత్తి తిడుతోంది. మెడలో ఒకటే తాడు. అంత వికారమైన పెళ్లి ఫోటో నేను అంతకుముందు గాని తర్వాత గాని చూడలేదు. దాన్నీ, జరిగింది జరిగినట్టు రాసిన ఉత్తరాన్నీ కలిపి ఆ సాయంత్రమే కొరియర్లో పంపించాను. విషయం చెబితే మా ఆవిడ, "మెడ మీద గుంజుతుందని చెప్పలే? నువ్వు యాక్టింగ్ అనుకున్నవ్" అని ఫోను పెట్టేసింది.

ఆరు వారాలకు పాస్‌పోర్టు పంపమన్నారు. ఇంకో రెండు వారాలకు అది వీసా ముద్రతో తిరిగొచ్చింది. కవరు చించేటప్పుడు వీసాని కూడా చించేస్తానేమోనని ఇంజినీరు చేత విప్పించాను. ఇద్దరం మైకు గదిలో గంతులేశాం, ఎలాగూ బయటికి వినపడదు కదా. అక్కణ్నుంచి ఎస్టీడీ బూత్‌కు పరుగెత్తాను. సాయంత్రం ఆరు, ఆవిడకు పొద్దున. బూత్‌లో ఫ్యాను లేదు, చొక్కా వీపుకు అంటుకుపోయింది, తొందరలో నంబరు రెండుసార్లు తప్పు నొక్కాను. మూడోసారి ఆవిడ ఎత్తింది. "వచ్చింది!" అని అరిచాను. బయట వరసలో నిలబడ్డవాళ్లు కూడా ఏదో వచ్చిందని సంతోషించారు. ఏ వారం టిక్కెట్టు, ఎన్ని స్వెటర్లు, అత్తగారి పచ్చళ్లు విమానంలో ఎక్కనిస్తారా, అన్నీ ఒకేసారి అడిగేస్తున్నాను. అవతల ఆవిడ ఏదో గొణుగుతోంది. ఏడుస్తోందేమో అనుకున్నాను. ఏడవడం లేదు, లెక్క వేస్తోంది.

"పెండ్లయి పదహారు నెలలాయె. అందుల మనం కల్సున్నది పన్నెండు దినాలు," అంది. "గవర్నమెంటుకైతే రుజువు చేసినం గని, నిజం చెప్తున్న, నువ్వెవలో నాకింకా తెల్వదు."