వెళ్తూ వస్తానన్న నాన్న

ఆ వేసవి ఆదివారాలన్నీ నా జ్ఞాపకంలో ఒకే ఆదివారంగా కలిసిపోయాయి. ఎండిన గడ్డితో పచ్చజొన్న రంగుకి తిరిగిన కొండలు, కారు కిటికీలోంచి వచ్చే వేడిగాలి, ఒళ్ళో లైబ్రరీ పుస్తకం, దాని కింద దాచిన డైరీ. ఎదురుగా రైఫిల్ చప్పుడు. చెవులకి చప్పుడు ఆపే మఫ్స్ పెట్టుకుంటే ఆ చప్పుడు, నీళ్ళ అడుగున ఎవరో తలుపు తడుతున్నట్టు ఉండేది. అలా వింటూ వింటూ ఎన్నోసార్లు నిద్రలోకి జారిపోయాను.

అది 1981. నాకు పంతొమ్మిదేళ్ళు. మేం కాలిఫోర్నియాకి వచ్చి రెండేళ్ళయింది. నాన్న ఒక మెషిన్ షాపులో పనిచేసేవాడు. అక్కడి ఫోర్‌మన్, అరవై దాటిన అమెరికన్, నాన్నకి రైఫిల్ పట్టుకోవడం నేర్పాడు. ఆయన్ని నేను అంకుల్ అనేదాన్ని. మొదటిసారి అలా పిలిచినప్పుడు, "మా చెల్లెలి పిల్లలు కూడా నన్ను పేరు పెట్టే పిలుస్తారు" అని మురిసిపోయాడు.

మేం వెళ్ళే చోటు ఊరికి గంట దూరం. అంతా ప్రభుత్వ భూమి. కంచె లేదు, గేటు లేదు, కాపలా లేదు. తుపాకీ ఉన్నవాళ్ళెవరైనా వచ్చి కాల్చుకోవచ్చు. మేం నిలబడే చోటుకీ, ఎదురుగా టార్గెట్ కాగితాలు గుచ్చే మట్టిగట్టుకీ మధ్య ఒక ఎండిపోయిన వాగు ఉండేది. అందులోకి దిగిన మనిషి ఇటునుంచి కనబడడు. అందుకే అంకుల్ పద్ధతులు గట్టిగా పాటించేవాడు. నేలమీద ఒక పొడవాటి తాడు పరిచి, దాన్ని లైన్ అనేవాడు. ఎవరైనా తాడు దాటి ముందుకు వెళ్ళాలంటే అందరూ తుపాకులు ఖాళీ చేసి కింద పెట్టాలి. వెళ్ళేవాడు "గోయింగ్" అని అరవాలి. తిరిగొచ్చేటప్పుడు "కమింగ్" అనాలి.

చిక్కల్లా నాన్న నోట "గోయింగ్" రాకపోవడమే. మా ఇంట్లో గుమ్మం దాటేవాళ్ళెవరూ వెళ్తున్నానని అనరు. వెళ్ళొస్తా అంటారు. తొందరలో ఉంటే వస్తా అంటారు. చిన్నప్పుడొకసారి స్కూలుకి బయల్దేరుతూ "పోతున్నా" అన్నందుకు అమ్మ నన్ను వెనక్కి పిలిచి, కూర్చోబెట్టి, మంచినీళ్ళు తాగించి మళ్ళీ పంపింది. ఆ ఇంటి మనిషి కనక నాన్న తాడు దాటుతూ కూడా "కమింగ్" అనే అరిచేవాడు.

"మీ నాన్న వస్తూ వెళ్ళే మనిషి" అని అంకుల్ నాతో నవ్వేవాడు. "నేను ఆయన మాట వినడం మానేశా. బూట్లు ఎటు తిరిగున్నాయో చూసుకుంటా."

మూడో మాట కూడా ఒకటుంది. సీజ్ ఫైర్, అంటే కాల్చడం ఆపండని. "ఇది ఎవరైనా అనొచ్చు. పసిపిల్ల అన్నా సరే అందరూ ఆగాలి. ఎందుకని అడగకూడదు" అని అంకుల్ చెప్పాడు. ఆ మాటని తెలుగు అక్షరాల్లో డైరీలో రాసుకున్నాను. నేను ఎప్పటికీ అనలేని మాటల్లో అదొకటి అనుకున్నాను. కాలేజీలో హాజరు పిలిచినప్పుడు నా గొంతు వినబడక, క్లాసులో కూర్చున్న నాకు ఆబ్సెంట్ పడ్డ రోజులున్నాయి.

ఆగస్టు చివరి ఆదివారం మా పక్కనే ఒక పికప్ ట్రక్కు వచ్చి ఆగింది. ఇద్దరు దిగారు. ఒకడికి ఎర్ర టోపీ, ఇంకొకడు బాగా పొడుగు. ట్రక్కు వెనక పాడైన టీవీ ఒకటి, గోనెసంచీ నిండా ఖాళీ సీసాలు, ఐస్ పెట్టెలో బీరు.

"గాజు కాల్చకండి. ఏరడం మా వల్ల కాదు" అన్నాడు అంకుల్. "లైన్ రూల్స్ తెలుసుగా?"

"మేం ఉయ్యాల్లోనే తుపాకీ పట్టుకున్నాం, తాతా" అన్నాడు ఎర్ర టోపీ అతను.

నలుగురూ కలిసే ముందుకు వెళ్ళారు. నాన్న, అంకుల్ గట్టు మీద కాగితాలు గుచ్చారు. ట్రక్కులో వచ్చిన ఇద్దరూ టీవీని వాగు ఒడ్డున నిలబెట్టి దానిమీద సీసాలు పేర్చారు. నలుగురూ తిరిగొచ్చారు. అంకుల్ కాఫీ పోసుకోవడానికి తన ట్రక్కు వెనక్కి వెళ్ళాడు. నాన్న జేబు తడుముకుంటూ నేను కూర్చున్న కారు కిటికీ దగ్గరికి వచ్చాడు.

"అమ్మా, నా కళ్ళజోడు నీ దగ్గరుందా?"

"లేదు నాన్నా."

"అయితే వాగులో రాయి మీద పెట్టి మర్చిపోయుంటా." ఆ ఇద్దరి వైపు తిరిగి చెయ్యెత్తి, "కమింగ్!" అని అరిచి తాడు దాటాడు.

వాళ్ళు మాకు వీపులు పెట్టి ఐస్ పెట్టె మీదికి వంగి ఉన్నారు. వెనక్కి చూడకుండానే ఒకడు "ఓకే" అన్నాడు.

నాన్న తెల్లచొక్కా ఎండలో కదుల్తూ, కదుల్తూ, వాగులోకి కరిగిపోయింది. నేను పేజీ తిప్పాను. మళ్ళీ తలెత్తేసరికి ఎర్ర టోపీ అతను రైఫిల్ తీసుకుని తాడు దగ్గర నిలబడి ఉన్నాడు. కొండల మీద గడ్డి పడుకుని లేస్తోంది. ఎక్కడో ఒక పిట్ట రెండు స్వరాలు అని ఆగిపోయింది. అంతా ఎంత నెమ్మదిగా ఉందంటే, నాకు కావలసినంత వ్యవధి ఉందనిపించింది. అతనికి చెప్పాలి, వినయంగా చెప్పాలి, ఇంగ్లీషు వాక్యం సరిగ్గా కూర్చుకుని చెప్పాలి అనుకుంటూ కారు దిగాను. పుస్తకం, డైరీ కాళ్ళ దగ్గర పడ్డాయి.

"నాన్నా" అన్నాను. పెదాలు కదిలాయి, అంతే.

రెండోసారి అరిచాను. అప్పుడే అతను కాల్చాడు. టీవీ అద్దం భళ్ళున పగిలింది. నా పిలుపు విని, ఎందుకు పిలిచానో చూడటానికి, నాన్న ఆ టీవీ పక్కనే వాగులోంచి తలెత్తాడు. చేతిలో కళ్ళజోడు. పొడుగాటి అతను కూడా తుపాకీ భుజానికి ఆనించి, ఒక కన్ను మూసుకుంటున్నాడు.

"సీజ్ ఫైర్!"

ఆ గొంతు ఎవరిదో నాకు వెంటనే తెలియలేదు. కొండ దాన్ని తిరిగి నాకే పంపింది. పొడుగాటి అతను తుపాకీ దించాడు. ఎర్ర టోపీ అతను వాగు వైపు చూసి, రైఫిల్ నేలమీద పెట్టి, దాని పక్కనే కూర్చుండిపోయాడు.

అంకుల్ చేతిలో కాఫీ కప్పుతోనే పరిగెత్తుకొచ్చాడు. కప్పులో కాఫీ లేదు.

"ఆయన కమింగ్ అన్నాడు. నా చెవులతో విన్నా. వచ్చేశాడనుకున్నా" అన్నాడు ఎర్ర టోపీ అతను.

"చెవులతో విన్నావు. కళ్ళెక్కడ పెట్టావు? తలలు లెక్కపెట్టావా?"

ఇంతలో నాన్న వచ్చాడు. జుట్టులో గాజుపొడి మెరుస్తోంది.

"తప్పు నాది. మా మాట తీరే అంత" అన్నాడు.

"మాట ఎవడైనా తప్పు చెప్తాడు. కాల్చేవాడు చూసి కాల్చాలి" అన్నాడు అంకుల్. నాన్న మీద కూడా కోపంగానే ఉన్నాడు.

వాళ్ళు సామాన్లు ఎక్కించుకున్నారు. ఎర్ర టోపీ అతను నాన్న దగ్గరికి వచ్చి టోపీ తీసి, కాసేపు దాని అంచు నలుపుతూ నిలబడి వెళ్ళిపోయాడు. టీవీ, సీసాలు అక్కడే వదిలేశారు. గాజంతా మేమే ఏరాం. పొద్దు వాలేదాకా ఏరుతూనే ఉన్నాం. ఏటవాలు ఎండలో ప్రతి ముక్కలోనూ ఒక చిన్న సూర్యుడు కనిపించేవాడు, బకెట్లో వేస్తే ఆరిపోయేవాడు.

తిరిగి వస్తుంటే సగం దారిలో నాన్న మొదలుపెట్టాడు.

"మీ అమ్మకి..."

"చెప్పను."

"నీకింత గొంతుందని నాకు తెలీదమ్మా."

"నాకూ తెలీదు."

మర్నాడు పొద్దున పనికి బయల్దేరుతూ నాన్న గుమ్మంలో ఆగి, పాఠం వల్లె వేస్తున్నట్టు, "వెళ్తున్నా" అన్నాడు.

అమ్మ వంటింట్లోంచి గరిటెతో వచ్చింది. "పొద్దున్నే అదేం మాటండీ? ఇలా వచ్చి కూర్చోండి."

నాన్న కూర్చుని బుద్ధిగా మంచినీళ్ళు తాగాడు. గ్లాసు మీంచి నావైపు చూశాడు. నేను డైరీలోకి తల దించుకున్నాను. "వెళ్ళొస్తా" అని రెండోసారి బయల్దేరాడు.

మూడు ఆదివారాల తర్వాత మళ్ళీ వెళ్ళాం. అంకుల్ తాడు పరిచి, ఒక చివర నా చేతికిచ్చాడు. "ఇకనుంచి లైన్ నీది. నువ్వు తలలు లెక్కపెట్టి చెప్పాకే ఎవరైనా తుపాకీ ముట్టుకునేది." పుస్తకం కారులోనే వదిలి వచ్చాను.

తుపాకులన్నీ కింద పెట్టారని చూసి, ఆ సంగతి గట్టిగా అరిచి చెప్పాను. నాన్న తాడు దగ్గరికొచ్చి నిలబడ్డాడు. చాలాసేపు నిలబడ్డాడు.

"గోయింగ్" అన్నాడు.

ఎంత బోడిగా ఉందో ఆ మాట. నాకే వినబడేంత సన్నగా, "వెళ్ళిరా నాన్నా" అన్నాను. తెల్లచొక్కా వాగులోకి దిగింది. అది మళ్ళీ అవతలి గట్టు మీద కనిపించేదాకా, అక్కణ్ణుంచి నా దగ్గరికి తిరిగొచ్చేదాకా తాడు చివర వదల్లేదు.