నా ఎంగిలి బెల్లం

మా చిన్నప్పుడు... పట్టపగలు డప్పు మోగిందంటే ఊళ్లో మగ్గాలన్నీ ఆగిపోయేవి. అమ్మ కండెలు చుట్టే రాట్నం వదిలేసి తమ్ముణ్ణి చంకనేసుకునేది. అవ్వ బెల్లం ముక్క కొంగున ముడేసుకునేది. నేను వాళ్ల వెనకాల జొన్నచేలోకి పరుగు...

ఆలేరు దగ్గర మాది నేతపని ఊరు. పోలీస్ యాక్షన్‌కు ముందటి వానాకాలం. తుపాకులు పట్టుకుని ఊళ్ల మీద పడేవాళ్లు దూరాన కనిపిస్తే, ఊరి చివర కాపలా ఉన్నవాళ్లు డప్పు కొట్టేవాళ్లు. నాకు ఏడేళ్లు. తమ్ముడు యాదగిరికి అప్పుడప్పుడే ముందుపళ్లు వస్తున్నాయి. ఊరొదిలిపోయిన మా బాపు ఎక్కడున్నాడో అమ్మకే తెలియదు.

చేలో దాక్కున్న మొదటి రోజే తమ్ముడు ఏడుపు అందుకున్నాడు. బాట మీద బూట్ల చప్పుడు... అమ్మ వాడి నోటిమీద అరచెయ్యి అదిమింది. గట్టిగా. వాడి మొహం రంగు మారిపోయింది. అవ్వ ఆ చెయ్యి లాగేసింది.

"చెయ్యి తియ్యే, పోరడు సస్తడు... బెల్లం పెడదాం," అంది గుసగుసగా.

మెత్తటి గుడ్డపేలికలో బెల్లం మూటకట్టి, తడిపి, పిల్లల నోట్లో పెట్టడం మా నేతవాళ్ల ఇళ్లలో మామూలే. పని మీదున్నప్పుడు ఏడ్చే పిల్లని ఎత్తుకునే తీరిక ఎవరికుంటుంది? ఇంట్లో అయితే తడపడానికి నీళ్లున్నాయి. చేలో ఏమున్నాయి... అవ్వ నోట్లో పెట్టుకుని చూసింది. భయానికి ఆమె నోరు పిడచకట్టుకుపోయింది.

"నా నోట్ల తడి లేదు బిడ్డా... జర నువ్వు తడిపియ్యి," అని నా చేతికిచ్చింది.

చప్పరించి ఇచ్చాను. నిజం చెప్పాలంటే కాస్త ఎక్కువసేపే చప్పరించాను. బెల్లం మరి! నా వెనక దంతాలు రెండు అప్పటికే పుచ్చి, తీపి తగిలితే జివ్వుమనేవి. అయినా వదల్లేదు. తమ్ముడు ఆ మూట చీకుతూ ఊరుకున్నాడు. బూట్ల చప్పుడు దాటిపోయింది.

ఆ తర్వాత అది నా పనైపోయింది. డప్పు, జొన్నచేను, బెల్లం... నా నోట్లోంచి వాడి నోట్లోకి. ఎన్నిసార్లో గుర్తులేదు. కొన్నాళ్లకి భయం కూడా పోయింది. చీమలు కుడుతున్నా కదలకుండా కూర్చునేదాన్ని.

పోలీస్ యాక్షన్ జరిగి పటాలం వచ్చింది, అంతా అయిపోయిందన్నారు. అయిపోలేదు, అది వేరే సంగతి. బాపు మాత్రం ఇల్లు చేరాడు.

తమ్ముడి పళ్ల మీద ముందు తెల్లటి మచ్చలు వచ్చాయి... తర్వాత గోధుమరంగు... తర్వాత నల్లబడి, విరిగి, చిగుళ్లలో మొదళ్లు మిగిలాయి. చిగురు వాచి చీము పట్టింది. పళ్లకు పురుగు పట్టిందని అవ్వ వాకుడు కాయల పొగ పట్టించింది. నొప్పికి వాడి కళ్లల్లోంచి నీళ్లు కారుతూనే ఉండేవి. గొంతు మాత్రం బయటికొచ్చేది కాదు. పెదాలు బిగించి, నోట్లో ఇంకా ఆ గుడ్డ ఉన్నట్టే చీకేవాడు...

"ఏడ్వు కొడుకా... ఇప్పుడు ఎవ్వలు రారు, గట్టిగ ఏడ్వు," అని అవ్వ బతిమాలేది.

వాడు ఏడవలేదు. నేను పక్కన కూర్చుని చూసేదాన్ని. నాకేమీ అనిపించేది కాదు.

పోయిన నెల మా మనవరాలు తన రెండేళ్ల పాపను పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే నేనూ వెళ్లాను. పాప పళ్ల మీద అవే తెల్లమచ్చలు. పళ్లు పుచ్చబెట్టే క్రిములు పుట్టినప్పుడు పిల్లల నోట్లో ఉండవని డాక్టరమ్మ చెప్పింది. పెద్దవాళ్ల ఎంగిలితో చేరతాయట. మనం నాకిన చెంచాతో తినిపించినా చాలట. పైగా నోట్లో తీపి నానుతూ ఉంటే ఇంక వాటికి పండగేనట.

"ఎవరి నోట్లకెల్లి పోతయమ్మా?" అని అడిగాను.

"ఇంట్ల ఎవరి పండ్లు పుచ్చి ఉంటే వాళ్ల నోట్లకెల్లి ఎక్కువ పోతయి అమ్మమ్మా," అంది.

ఏడుపు రావాలి కదా... రాలేదు. పన్ను పీకే ముందు సూది వేస్తే చెంప ఎలా ఉంటుందో, అలా ఉండిపోయాను.

ఇంటికొచ్చి తమ్ముడికి ఫోన్ చేశాను. ఎనభైకి దగ్గరపడ్డాడు. పాలపళ్లు ఊడి మంచి పళ్లు వచ్చాయి గానీ, ఇప్పటికీ నవ్వితే వాడి పెదాలు విడవవు.

"యాద్గిరీ... చిన్నప్పుడు నీ పండ్లు నేనే ఖరాబ్ చేసిననటరా. నా ఎంగిలి బెల్లంతోని."

"నాకేం యాదికి లేదక్కా... తియ్యగుండెనా?" అన్నాడు.

"ఉండెరా," అన్నాను. వాడికి వినిపించిందో లేదో.

ఇప్పుడు మా ఇంట్లో పాపకి చెంచా వేరు, గ్లాసు వేరు. పాలు తాగగానే పళ్లు తుడుస్తారు. మంచిదే. ఏడిస్తే వీధి చివరిదాకా వినిపిస్తుంది, ఎవరూ దాని నోరు మూయరు...

మీ ఇళ్లలో పసివాళ్లను ఊరుకోబెట్టడానికి నోట్లో ఏం పెట్టేవాళ్లు? ఎవరు పెట్టేవాళ్లు? గుర్తున్నవాళ్లు రాయండి. ఇదిగో, మా పాప మళ్లీ రాగం అందుకుంది... టీవీ ఆపేసి వింటున్నాను.