ఏడు చేతుల ఆక్టోపస్

పార్శిల్ విప్పుతుంటే బుడగల కవరు టపటపా పేలింది. లోపల నా బొటనవేలంత కటిల్‌ఫిష్ అనే సముద్రజీవి బొమ్మ! ఈ వయసులో ఇదేం పిచ్చి అని మా ఇంట్లో నవ్వుతారు. నవ్వనీ. ముందు దాని చేతులు లెక్కపెట్టాను. పొట్టివి ఎనిమిది, పొడుగువి రెండు, సరిపోయాయి. ఈ పిచ్చి నాకు అంటించింది విజయనగరంలో మాకు జువాలజీ చెప్పిన సుభద్ర మేడం.

ఆవిడ ఇంట్లో దసరా బొమ్మల కొలువు చూసి తీరాల్సిందే. పై మెట్టు మీద దేవుళ్లు, కింది మెట్ల నిండా వెన్నెముక లేని జీవులు: వేలెడేసి ఆక్టోపస్‌లు, స్క్విడ్‌లు, పీతలు, జెల్లీచేపలు, నత్తలు. దేవుడి మెట్ల మీద ఈ పురుగులేటమ్మా అని ఒక పేరంటాలు ముక్కున వేలేసుకుంటే, "అవీ ఆయన సేసినవే కదమ్మా, శనగలు తీసుకో" అన్నారు మేడం. క్లాసులో పుస్తకం భాష మాట్లాడే మనిషి ఇంట్లో అచ్చంగా మా ఊరి మాటే మాట్లాడేవారు.

కొలువులో ఏటా ఒక కొత్త బొమ్మ చేరాలన్నది ఆనవాయితీ. మేడం దాన్ని విద్యార్థుల చేత చేయించేవారు. చేతులూ కాళ్లూ లెక్క తప్పితే మాత్రం ఆ బొమ్మ మెట్టెక్కదు. డిగ్రీ మొదటి ఏడాది నేను బంకమట్టితో చేసిన స్క్విడ్‌కి ఎనిమిది చేతులే పెట్టాను. కొలువు దగ్గర మేడం చూసి తిరిగి నా చేతిలోనే పెట్టేశారు. "బొమ్మే కదా అనకు. పది ఉన్నదానికి ఎనిమిది పెడితే అది ఇంకో జంతువైపోతాది" అన్నారు. అందరి ముందూ తల కొట్టేసినట్టయింది. కసి పట్టి, చేపల బజారులో అసలు స్క్విడ్‌ని తిరగేసి మరగేసి చూసి రెండోది చేశాను.

మరుసటి దసరాకి దాన్ని రుమాల్లో చుట్టుకుని కొలువు ముందు కూర్చున్నాను. ఊరికే ఉండలేక మెట్ల మీదవన్నీ లెక్కపెట్టడం మొదలుపెట్టాను. నడిమి మెట్టు మీద గాజు ఆక్టోపస్. అదంటే మేడంకి ప్రాణం, ఏడాదంతా దూదిలో దాచుకునేవారు. ఎనిమిది ఉండాలి, ఎన్నిసార్లు లెక్కపెట్టినా దానికి ఏడే చేతులు! విరిగిన గుర్తు కూడా లేదు, చేసినవాడే మరిచిపోయాడు. చెబితే ఆవిడకు కోపం వచ్చి నా స్క్విడ్ మళ్లీ ఇంటిముఖం పడుతుందేమో. నోరు మూసుకుంటే హాయిగా మెట్టెక్కుతుంది. కానీ నా నోరు ఆగితేనా!

"మేడం, దానికి ఏడే ఉన్నాయండి" అనేశాను.

పేరంటాళ్లంతా నావైపు తిరిగారు. మేడం కళ్లజోడు సర్దుకుని, బొమ్మను అరచేతిలో తిప్పుతూ మూడుసార్లు లెక్కపెట్టారు. ముఖం ఎర్రబడింది. "ఇన్నేళ్లూ అందరివీ లెక్కెట్టాను గానీ, నాది లెక్కెట్టుకోలేదు" అన్నారు. దాన్ని తీసి పెట్టెలో పెట్టేశారు. ఆ తర్వాత నన్ను మెట్ల దగ్గరికి పిలిచారు.

"నీది నువ్వే లెక్కెట్టు. గట్టిగా, అందరికీ ఇనపడాల."

ఒకటి నుంచి పది దాకా ఇంచుమించు అరిచాను. అబ్బ, ఆ సంతోషం! నా స్క్విడ్‌ని గాజు ఆక్టోపస్ ఉన్న చోట నా చేతుల్తోనే పెట్టించారు.

ఇప్పుడు నేనూ శ్రీకాకుళంలో పాఠాలు చెబుతున్నాను. క్లాసులో ఎవరైనా నా తప్పు పట్టుకుంటే, అబద్ధమెందుకు, మొదట ఒళ్లు మండుతుంది. ఆ తర్వాత సుద్దముక్క వాళ్ల చేతికిచ్చి, నేను వెళ్లి వాళ్ల బెంచీలో కూర్చుంటాను.