డెబ్బై రెండు కిలోల దేవదూత

అప్పట్లో మా వైపు బరువనేది బస్తాలకు ఉండేది గాని మనుషులకు ఉండేది కాదు. ఎవరైనా లావైతే 'ఒళ్లు చేశాడు' అనేవారు. ఆ మాటలో కాస్త మెచ్చుకోలు కూడా ఉండేది. మనిషిని కిలోల్లో చెప్పడం ఎవరూ ఎరగరు. ఇప్పుడు ఫోను తీస్తే చాలు, అన్నం మానమని ఒకరు, అన్నం తప్ప అన్నీ మానమని ఇంకొకరు, పదహారు గంటలు నోరు కట్టుకోమని మరొకరు. నా భార్య ఇవన్నీ విని, "మీకేది పడుద్దో మీరే చూసుకోండి" అంటుంది. నాకేది పడుతుందో ఇరవయ్యో ఏటే తేలింది. ఆ సంగతి చెప్పాలంటే ముందు నన్ను కిలోల్లోకి దించిన మనిషి గురించి చెప్పాలి. ఇన్నేళ్లయినా అతణ్ణి నేను క్షమించలేదు. క్షమించే ఉద్దేశం కూడా ప్రస్తుతానికి లేదు.

పర్చూరు దగ్గర పల్లె మాది. డిగ్రీ తప్పి (ఒక్క సబ్జెక్టే, పేపరు దిద్దినాయన మీద నా అభిప్రాయం ఇక్కడ రాయను) ఊరి పక్కనున్న పత్తి మిల్లులో కాటా దగ్గర గుమాస్తాగా చేరాను. రైతులు తెచ్చిన బస్తాలు కాటా మీదికెక్కుతుంటే బరువు చూసి రాసుకోవడం నా పని. ఏడాదంతా నేనెవరినో ఎవరికీ పట్టేది కాదు గాని, డిసెంబరులో మాత్రం నాకో హోదా ఉండేది. మా చర్చి క్రిస్మస్ నాటకంలో దేవదూతను నేను. పక్క గుమ్మంలోంచి నడిచొచ్చే దేవదూతలు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. మా చర్చిలో పైకప్పు దూలానికి ఇనుప గిలక బిగించి, నా నడుముకు తోలుపట్టీ వేసి, దానికి తాడు కట్టి, తెల్లగౌనుతో, అట్టముక్కల రెక్కలతో నన్ను పైనుంచి దింపేవారు. గొర్రెల కాపరులు హడలిపోయి వెల్లకిలా పడేవారు. చుట్టుపక్కల నాలుగూళ్లలో దిగే దేవదూత ఉన్నది మా చర్చికే. పన్నెండో ఏట మొదలుపెట్టి ఎనిమిదేళ్లు వరసగా దిగాను.

రంజాను, క్రిస్మస్ ఒకే నెలలో కలిసొచ్చిన ఏడాది అది. నవంబరు మొదట్లోనే యూత్ మీటింగు పెట్టారు. యూత్ ప్రెసిడెంటు మా మేనత్త కొడుకు, నాకు బావ. ప్రార్థన అయిందో లేదో నావైపు తిరిగాడు.

"ఒరేయ్ బావా, పోయినేడు నిన్ను దించినాక తాడు పట్టిన నలుగురికీ అరిచేతులు బొబ్బలెక్కినయ్. దూలం కిర్రుమంది. నువ్వు దేవదూత దిగినట్టు దిగటంలా, లారీలోంచి పత్తి బేలు దిగినట్టు దిగుతున్నావ్."

పదకొండు మంది నవ్వారు. ఎవరెవరో ఇప్పటికీ వరసగా చెప్పగలను.

"డెబ్బై రెండు కిలోలు. అంతకు మించితే మా తమ్ముడు దిగుతాడు, నువ్వు గొర్రెల కాపరివి. క్రిస్మస్ ముందు ఆదివారం మీ మిల్లు కాటా మీదే తూస్తాం," అని తేల్చేశాడు. (వాళ్ల తమ్ముడు ఎండిన కందికంప లాంటివాడు. వాణ్ణి దించడానికి తాడెందుకు, గాలి చాలు.) మర్నాడు మిల్లులో ఎవరూ లేనప్పుడు కాటా ఎక్కాను. డెబ్బై ఆరు. పొద్దున్నుంచి సాయంత్రందాకా ఊరందరి పత్తీ తూచేవాణ్ణి, నన్ను నేను తూచుకోవడం అదే మొదలు. ఇంటికి పోయి ఆ కోపంలోనే గోంగూర పచ్చడితో రోజూ తినేదానికి రెట్టింపు తిన్నాను. "ఇయ్యాల బాగా ఆకలైనట్టుందిరా," అని అమ్మ సంతోషించింది.

మొదట మా నర్సు పెద్దమ్మ దగ్గరికెళ్లాను. ఉద్యోగంలోంచి దిగిపోయి ఇంటిపట్టున ఉంటోంది. అన్నం మానేసి సన్నబడింది. "సొరకాయ, బీరకాయ ఉడకబెట్టుకో. ఉప్పు తగ్గించు. నెల తిరక్కుండా నిన్ను నువ్వే గుర్తుపట్టలేవు," అంది. పెద్దమ్మ అవి తిని మధ్యాహ్నం హాయిగా పడుకునేది. నేను అవి తిని రోజుకు రెండు వందల బస్తాల బరువు చూడాలి. నాలుగోరోజుకే కళ్లముందు అంకెలు ఈదడం మొదలుపెట్టాయి. ఒక రైతు బస్తా అరవై రెండయితే ఇరవై ఆరని రాశాను. ఆయన కేకలకు మిల్లంతా పోగైంది. సూపర్‌వైజరు అందరిముందూ, "ఏందయ్యా, తాగొచ్చావా?" అన్నాడు. సొరకాయ తినొచ్చానని చెప్పడానికి నాకు అభిమానం అడ్డొచ్చింది. ఆ సాయంత్రం ఇంటికెళ్లి, అమ్మ మూత తీసేలోపే అన్నం గిన్నె ముందుకు లాక్కున్నాను.

తరవాత కండల మావయ్య. అమ్మకు తమ్ముడు, చీరాలలో ఉంటాడు, రోజూ జిమ్ముకు పోతాడు. చొక్కా చేతులు ఎప్పుడూ మడిచే ఉంటాయి. "గుడ్లు తినరా అల్లుడూ. పచ్చసొన తీసేసి తెల్లది తిను, పూటకు ఆరు. అన్నం జోలికి పోబాక," అన్నాడు. ఆయన అవి తిని ఇనుము ఎత్తేవాడు, ఒంట్లో కరిగేవి. నేను తిని కాటా పక్కన కుర్చీలో కూర్చునేవాణ్ణి, అవి నాలోనే ఉండి వేరే పనులు మొదలుపెట్టాయి. మూడోరోజు చర్చిలో పాటల ప్రాక్టీసు జరుగుతుంటే, ముందు వరసలో ఆడపిల్లలు ఒకరినొకరు చూసుకుని బెంచీతో సహా జరిగిపోయారు. బావ ఊరుకుంటాడా? "ఒరేయ్, దిగేటప్పుడు కూడా ఇట్టాగే ఉంటే గొర్రెల కాపరులు నటించక్కర్లేదు, నిజంగానే పడిపోతారు," అన్నాడు. (ఇది రెండోది. నేను లెక్క పెట్టుకుంటూనే ఉన్నాను.) తిరుగుదారిలో బండి దగ్గర ఆగి ఎనిమిది మిరపకాయ బజ్జీలు తిన్నాను. కంట్లో నీళ్లు బజ్జీల వల్లేనని బండివాడు అనుకున్నాడు.

మూడో పద్ధతి నా సొంతం. మా ఊరికి రెండు కిలోమీటర్ల దూరంలో అడ్డరోడ్డు మీద టైలర్ బాబాయ్ కొట్టు. మా నాన్న వయసువాడు, ఆయనకు చిన్నప్పటి స్నేహితుడు, అందుకే బాబాయ్. ఏటా నా దేవదూత గౌను కుట్టేది ఆయనే. గౌను వదులు చేయించడానికి వెళ్లేసరికి రంజాను మొదలైంది. పొద్దుగుంకేదాకా మంచినీళ్లయినా ముట్టకుండా మిషను తొక్కుతున్నాడు. మనిషి సూదిలా ఉన్నాడు. ఇదేదో బాగుందే అనుకుని, ఎవరికీ చెప్పకుండా మర్నాటినుంచి నేనూ పగలు తినడం మానేశాను. తెల్లవారకముందే అమ్మను లేపి వేడన్నం వండించుకునేవాణ్ణి. సాయంత్రం సరిగ్గా బాబాయ్ రోజా ఉపవాసం విడిచే వేళకు కొట్టుకు చేరేవాణ్ణి. ఖర్జూరాలు, గంజి, ఉల్లిపాయ పకోడీ ముందుపెట్టి, "రా అబ్బాయ్, వేళకొచ్చావ్," అనేవాడు. రోజూ వేళకే ఎందుకొస్తున్నానో ఆయనకు తట్టలేదు. అక్కణ్ణించి తిన్నగా క్యారల్స్. డిసెంబరు కదా, గిటారు, డప్పు, కాగితం నక్షత్రం పట్టుకుని సాయంత్రానికి ఏడిళ్లు తిరిగేవాళ్లం. ఒక ఇంట్లో ఉప్మా, ఇంకో ఇంట్లో కేకు, మరో ఇంట్లో కజ్జికాయలు. ఎవరింట్లోనూ వద్దనకూడదు. వద్దంటే, "మా ఇంట్లో మాత్రం తినడు" అని ఏళ్లతరబడి గుర్తుపెట్టుకుంటారు. (మా ఊళ్లో నాలాంటివాళ్లు ఇంకా ఉన్నారు.) వారం గడిచాక కాటా ఎక్కితే డెబ్బై ఏడు.

నా ఉపవాసం సంగతి ఎట్లా పొక్కిందో గాని, మర్నాడు నేను కొట్లోకి అడుగుపెట్టగానే బాబాయ్ కత్తెర కింద పెట్టాడు.

"రోజా ఉంటున్నావంట?"

"అవును బాబాయ్."

"దేనికి?"

"బరువు తగ్గాలని."

"బరువు కోసం ఉంటే అది పస్తు అబ్బాయ్, రోజా కాదు. నేనేమన్నా నడుం తగ్గాలని ఉంటున్నానా?" కోప్పడ్డాడో, నొచ్చుకున్నాడో తెలియలేదు. టేపు తీసి నా నడుం చుట్టూ వేశాడు. "మొన్నటికీ ఇయ్యాల్టికీ అంగుళం పెరిగావ్. సరే, చెప్పు. నిన్న ఏం తిన్నావ్? తినేముందు ఏం జరిగింది?"

ఏం తినాలో ఇంతకు ముందు అందరూ చెప్పారు. తినేముందు ఏం జరిగిందని ఎవరూ అడగలేదు. నాకు అన్నీ గుర్తే కాబట్టి వరసగా చెప్పాను. బావ పత్తి బేలన్నాడు, గోంగూరన్నం. సూపర్‌వైజరు తాగొచ్చావా అన్నాడు, గిన్నెడన్నం. బెంచీ జరిగింది, బజ్జీలు. నిన్న క్యారల్స్‌లో బావ నక్షత్రం నాకివ్వకుండా తమ్ముడికిచ్చాడు, కజ్జికాయలు పన్నెండు. చెప్తూ చెప్తూ నేనే ఆగిపోయాను.

"నీకు ఆకలేసి తింటంలా అబ్బాయ్," అన్నాడు బాబాయ్ నెమ్మదిగా. "కోపం వచ్చి తింటున్నావ్."

ఆ మాటకు నాకెంత కోపం వచ్చిందంటే, ఎదురుగా ఉన్న పకోడీల పళ్లెం మీదికి చెయ్యి పోయింది. పోయిన చెయ్యి అక్కడే ఆగింది. ఇద్దరం ఆ చేతివైపే చూశాం. ముందు ఆయనే నవ్వాడు.

"మీ పెద్దమ్మకు సొరకాయ పడింది, మంచిదే. మీ మావయ్యకు గుడ్లు పడ్డయ్, అదీ మంచిదే. వాళ్ల కొలతకు కుట్టింది నీకెట్టా పడుద్ది? మీ అమ్మ వండింది తిను, రెండోసారి పెట్టించుకోకు. ఎవడన్నా ఏదన్నా అంటే మాత్రం కంచం ముట్టుకోబాక. నడిచి నా దగ్గరకొచ్చి చెప్పు. సైకిలెక్కబాక. చెప్పినాక కూడా ఆకలైతే అప్పుడు తిను."

ఆ డిసెంబరులో నాకు అవమానాలకు కొరత రాలేదు. కొన్నిరోజులు రెండుసార్లు, ఒకరోజు మూడుసార్లు నడిచాను. దారికి రెండువైపులా పత్తిచేలు, ఒళ్లో పత్తి నింపుకుని కూలీలు, బండ్ల నుంచి ఎగిరి తుమ్మకంపకు చిక్కుకున్న తెల్లటి పింజలు. మిల్లు దాటేటప్పుడు గొంతుదాకా ఉన్న కోపం కాలవ వంతెన దగ్గరకొచ్చేసరికి సగమయ్యేది. కొట్టు చేరేసరికి అసలేమన్నారో గుర్తుచేసుకోవలసి వచ్చేది. నాకది పెద్ద నష్టంగా తోచేది. బాబాయ్ గుండుసూదులు పెదాల మధ్య పెట్టుకుని, "ఊఁ... ఊఁ..." అంటూ వినేవాడు. ఒకరోజు అంతా విని, "ఇంతేనా?" అన్నాడు. చాలా బాధేసింది. మర్నాడు పనిగట్టుకుని నడిచివెళ్లి ఆయన మీద ఆయనకే ఫిర్యాదు చేశాను. దానికీ ఊఁ కొట్టి, "తప్పే అబ్బాయ్," అన్నాడు. నా జన్మలో నా ఫిర్యాదుకు తప్పని ఒప్పుకున్న మొదటి మనిషి ఆయన.

తూకం ఆదివారం వచ్చింది. ఆరాధన అవగానే బావ, వాళ్ల తమ్ముడు, ఆ పదకొండు మందీ మిల్లుకొచ్చారు. నేను కాటా ఎక్కాను. బావే వంగి చూశాడు.

"డెబ్బై రెండున్నర. అర కిలో ఎక్కువ. అయిపోయింది బావా, కర్ర పట్టుకుని గొర్రెల్లో నిలబడు."

"ఆగు," అన్నాను. "బస్తా తూచినప్పుడు గోనెకు తరుగు తీస్తామా, తీయమా?"

"తీస్తారు. అయితే?"

"నేనేమన్నా మొలతాడుతో నిలబడ్డానా? ఈ ప్యాంటు, ఈ బెల్టు, ఈ బూట్లు గోనె కాదా? రైతు బస్తాకున్న న్యాయం దేవదూతకు లేదా?"

పక్కన బీడీ కాలుస్తున్న హమాలీ మేస్త్రి, "అడిగింది న్యాయమే గదయ్యా," అన్నాడు. బావ తల గోక్కుని, "సర్లే, బూట్లిప్పు," అన్నాడు. బూట్లు, బెల్టు తీసి మళ్లీ ఎక్కాను. డెబ్బై ఒకటీ ముప్పావు. ఆ అంకెను నేనే నా చేత్తో రాసి బావతో సంతకం పెట్టించుకున్నాను. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది.

క్రిస్మస్ ముందురోజు పొద్దుగుంకాక నాటకం. దూలం పక్క అటక మీద కూర్చుని ఉంటే కింద చర్చంతా తలకాయలే. తాడు కదిలింది, నేను దిగడం మొదలుపెట్టాను. కాపరులు హడలిపోయి పడ్డారు. సగం ఎత్తులో ఆగి, ప్రజలందరికీ మంచి కబురు తెచ్చానని చెప్పాలి. ఎనిమిదేళ్లు ఆ మాట పాఠం అప్పజెప్పినట్టు చెప్పేశాను. ఆ రోజు మాత్రం 'అందరికీ' అనబోయే చోట గొంతు ఆగింది. ముందు వరసలో సూపర్‌వైజరున్నాడు. బెంచీ జరిపిన ఆడపిల్లలున్నారు. కింద తాడు పట్టుకుని చెమటలు కక్కుతూ బావ ఉన్నాడు. అందరికీ అంటే వీళ్లకు కూడానా? ఆ గాలిలో వేలాడుతూ నేను నిజంగానే ఆలోచించాను. ఎవరిని వదిలేద్దామా అని చూసుకుంటూ పోతే ఒక్క మనిషి మిగల్లేదు. "మర్చిపోయావట్రా, చెప్పరా!" అని బావ కిందనుంచి పళ్లబిగువున అంటున్నాడు. అప్పుడే వెనక గుమ్మంలో టైలర్ బాబాయ్ కనిపించాడు. ఉపవాసం విడిచి అలాగే వచ్చినట్టున్నాడు. ఆయన నా మొహం చూడటంలేదు. గౌను అంచు నాలుగువైపులా సమంగా వేలాడుతోందో లేదోనని తల పక్కకు వంచి చూస్తున్నాడు. నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే చెప్పేశాను, అందరికీ అని.

తరవాత చర్చి ఆవరణలో ప్రేమవిందు. వరసలో కూర్చున్నాను. బావ బిర్యానీ బేసిన్‌తో వడ్డిస్తూ వచ్చి, "పర్లేదు బావా, ఈసారి చేతులు నొప్పి పుట్టలా," అన్నాడు. ఎనిమిదేళ్ల అనుభవమున్న దేవదూతను పట్టుకుని పర్లేదంటాడా అనుకుని, కోపం కోసం లోపల వెతికాను. అది వచ్చేలోపే ఆకలి తగిలింది. పొద్దున్నుంచీ కంగారులో ఏమీ తినలేదు, అసలు సిసలు ఆకలి. తిన్నాను. రెండోసారి బేసిన్ వచ్చినప్పుడు విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టాను.

బాబాయ్ పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు నా బరువెంతో రాయను, అది మీకు అనవసరం. నిన్న మా ఆఫీసులో కొత్తగా చేరినతను లిఫ్టులో నన్ను చూసి, "మీరు ఎక్కండి సార్, మేం తరవాత వస్తాం," అన్నాడు. ఆ మాట మీద మొదలైందే ఈ జ్ఞాపకమంతా. ఇరవయ్యేళ్ల ఆ దేవదూతే నాకంటే నయం. వాడు మాట పడితే లేచి రెండు కిలోమీటర్లు నడిచేవాడు. నేను చూడండి, ఇంతసేపూ కూర్చునే రాశాను.