నొప్పి లేని పుండు

ఎనభైల మొదట్లో ఒక చలికాలం, ల్యాబ్ టెక్నీషియన్‌గా ఉన్న నన్ను విశాఖ తీరంలోని ఒక జాలరిపేటకు మధుమేహ సర్వే కోసం డిప్యుటేషన్ మీద పంపారు. నాపైన ఒక లేడీ డాక్టర్. చేపలు బాగా తినేవాళ్లలో చక్కెర వ్యాధి తక్కువగా ఉంటుందా అన్నది మేం చూడవలసిన విషయం.

ఆ ఉదయాలు ఇప్పటికీ కలలో చూసినట్టే ఉంటాయి. మంచులో యారాడ కొండ సగమే కనిపించేది. పడవలకంటే ముందు వాటిలోని మాటలు ఒడ్డుకు చేరేవి. ఇసుక మీద బల్ల వేసుకుని, నీలంగా ఉండే బెనెడిక్ట్ ద్రావణంలో కొన్ని చుక్కల మూత్రం కలిపి స్పిరిట్ దీపం మీద కాచేవాణ్ణి. రంగు మారకపోతే చక్కెర లేనట్టు. ఆకుపచ్చ, పసుపు దాటి ఇటుక రంగుకు తిరిగితే బాగా ఎక్కువన్నట్టు. పేటలో చాలామందిది నీలంగానే నిలిచేది. చూడగా చూడగా, వీళ్లను సముద్రమే కాస్తోందేమో అనిపించేది.

ఒకరోజు పోలమ్మ అనే చేపలమ్మే ఆవిడ తన భర్త అప్పలరాజును లాక్కొచ్చింది. అతను వేట మానేసి రేవులో వాచ్‌మన్‌గా కుదిరాడు. కాలి బొటనవేలికి గుల్ల కోసుకున్న పుండు ఎంతకీ మానడం లేదు.

"సేపలు తినీవోడికి సుగరేటి బాబూ? ఈ పుండు నొప్పైనా నేదు" అని నవ్వాడు.

ద్రావణం ఇటుక రంగుకు తిరిగింది. డాక్టరమ్మ సూదిమొనతో అరికాలు తాకారు. అతనికి తెలియలేదు. నొప్పి లేకపోవడమే ప్రమాదమని, నరాలు మొద్దుబారాయని, ఆలస్యమైతే కాలే తీసేయాల్సి వస్తుందని, వెంటనే మాతో పెద్దాసుపత్రికి రావాలని చెప్పారు.

అతను లేచి పడవల వైపు వెళ్లిపోయాడు. పోలమ్మ వెంటపడింది.

"నువ్వు రాకపోతే నానీపొద్దు బుట్ట ఎత్తను మావా. ఇక్కడే కూకుంతాను" అంటూ ఇసుకలో కూలబడింది.

కాసేపటికి అతనూ పక్కన కూర్చున్నాడు. "కాలు నేనివోడు ఏటి సేత్తాడే?" అన్నాడు మెల్లగా. మంచు విడిచాక ఇద్దరూ వచ్చి మా జీపెక్కారు.

పెద్దాసుపత్రిలో వేలు తీసేశారు. కాలు దక్కింది. చేప మామూలుగానే తింటున్నా, వల లాగే పని పోయిందని, అన్నం మాత్రం వేటకు వెళ్లే రోజుల్లోలాగే తింటున్నాడని డాక్టరమ్మ అడిగి తెలుసుకున్నారు. వేసవిలో మళ్లీ కనిపించాడు, కాళ్లకు చెప్పులతో.

"కూడు తగ్గించినాడు బాబూ, సేప మాత్రం మానడు" అంది పోలమ్మ.

చేప మేలు చేస్తుందా అన్నది పేట మొత్తానికి తేల్చవలసిన ప్రశ్న. దాని జవాబు ఏదైనా, ఎదుట నిలబడ్డ మనిషికి పరీక్ష విడిగా చేయవలసిందే.