కరగని ఐసు చూడ్డానికి

యాంగోన్‌లో మా ఇల్లు చిమిండైంగ్ ఏటి ఒడ్డున. చేపల బజారు వెనక ఐసు ఫ్యాక్టరీలో నా ఉద్యోగం. దిమ్మలు కోయించి పడవలకి ఎక్కించడం చూసుకుంటాను. ఐసంటే నాకు తెలిసింది అదే. ఊక కప్పి, గోనెల్లో చుట్టి, ఎండెక్కేలోగా వదిలించుకోవలసిన సరుకు.

కొన్నేళ్ల కిందట నాకు టైఫాయిడ్ ముదిరి ప్రాణం మీదికొచ్చింది. మా ఆవిడే తినిపించి, పట్టుకు నడిపించి మళ్లీ మనిషిని చేసింది. లేచి తిరగ్గలిగాక, "నీకేటి కావాలో అడుగు" అన్నాను. చీర అంటుందనుకున్నాను.

"కరగని ఐసు సూడాలనుందండి. పైన పుటావో కాడ కొండల మీద ఉంటాదంట," అంది.

ఆ శీతాకాలం మిచినా మీదుగా చిన్న విమానంలో బర్మా ఉత్తరపు కొసన ఉన్న పుటావో చేరాం. గెస్ట్‌హౌస్ ఆయన, "కొండల దగ్గరికి పోవాలంటే మోటార్‌సైకిలే, వేరే దారి లేదు" అని బర్మీస్‌లో చెప్పి తాళం నాకివ్వబోయాడు. యాంగోన్‌లో మోటార్‌సైకిళ్లు నడపనివ్వరు. నాకు మామూలు సైకిలు తప్ప రాదు. ఆ మాట ఎలా చెప్పాలా అని నేను నీళ్లు నములుతుంటే, మా ఆవిడ వచ్చి తాళం అందుకుంది.

"నీకొచ్చేటి?" అన్నాను.

"మీరెప్పుడు అడిగేరని? మా మొలమైన్లో పాలక్యాన్లు కట్టుకుని ఊరంతా తిరిగేదాన్ని. ఎక్కండి."

పెళ్లయి ఇరవై ఏళ్లు దాటాక ఆ సంగతి తెలిసింది నాకు. లుంగీ ఎగ్గట్టి వెనక కూర్చున్నాను. ఊరు దాటేదాకా బండి కాస్త తడబడింది. ఆ తరవాత ఆవిడ చేతులకి పాత అలవాటు తిరిగొచ్చినట్టుంది, గుంతలు తప్పించుకుంటూ హాయిగా పోనిచ్చింది. పక్కన మలిఖా నది, అడుగున రాళ్లు కనిపించేంత తేటగా. మా యాంగోన్ ఏరు ఎప్పుడూ బురదే. నీళ్లకి ఆ రంగుంటుందని నాకు తెలీదు. ఒకచోట ఇనపతాళ్ల వంతెన వచ్చింది. చెక్కలు కొన్ని ఊడిపోయి ఉన్నాయి.

"మీరు దిగి నడిసి రండి. కిందకి సూడకండి," అని తను బండి మీదే దాటేసింది. నేను తాడు పట్టుకుని, ఉన్న దేవుళ్లందరినీ తలుచుకుంటూ వెళ్లేసరికి అవతలి గట్టున నవ్వుతూ నిలబడి ఉంది. ఆవిడ ముఖం అంత వెలిగిపోవడం నేనెప్పుడూ చూడలేదు.

మధ్యాహ్నం దాటాక వాన పట్టుకుంది. కొండమలుపులో బంకమట్టికి చక్రం జారి ఇద్దరం పడ్డాం. నాకు మోచెయ్యి గీరుకుంది. ఆవిడ ఎడమ మడమ మెలిపడి, చూస్తుండగానే పొంగింది. చుట్టూ అడవి, మనిషి అలికిడి లేదు. బండి తోసుకుంటూ, ఆవిడ్ని భుజం మీద ఆనించుకుని నడుస్తుంటే, దిగువన ఒక ఇంటి కప్పులోంచి పొగ కనిపించింది.

ఆ ఇంట్లో రవాంగ్ తెగ ముసలామె ఒకతె ఉంది. ఆమెకి బర్మీస్ నాలుగు ముక్కలే వచ్చు. "అఫ్వా" అని పిలిచాను, అవ్వా అన్నట్టు. ఎవరు, ఏమిటి అని ఆమె ఒక్క ప్రశ్న అడగలేదు. మా ఆవిడ్ని పొయ్యి పక్కన కూర్చోబెట్టి, ఏదో పసరు వేడిచేసి మడమకి రాసి గుడ్డ కట్టింది. మా తడిబట్టలు తీయించి తన దుప్పట్లు ఇచ్చింది. అన్నం, ఆకుకూర పులుసు పెట్టింది. మా ఆవిడ రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెడితే, ఆమె ఆ చేతులు దించి మళ్లీ గిన్నె అందించింది.

తెల్లారేసరికి వాన వెలిసింది. ముసలామె నన్ను కుదిపి లేపి, "యేఖే, యేఖే" అంది. ఐసు అని. ఇంటి వెనక గట్టెక్కితేనే కనిపిస్తుందని చేత్తో చూపించింది. మా ఆవిడ కాలు మోపలేకపోతోంది.

"మీరెళ్లి సూసి రండి. ఎలాగుందో సెబుదురు గాని."

"నేను చెప్పడమేటి? ఎక్కు వీపు మీద."

"ఇంకా ఒంట్లో బలం రాలేదు మీకు. ఆవిడ సూత్తంది, బాగోదండి."

"సూడనీ," అని వంగాను.

ఎక్కించుకున్నాను. రెండుచోట్ల ఆగి ఆయాసం తీర్చుకున్నాను. ముసలామె వెనక నుంచి నా నడుముకి చెయ్యి ఆనించి తోసింది. పైకి చేరేసరికి మబ్బు విడింది. ఎదురుగా తెల్లటి కొండ. రెండు శిఖరాల నడుమ హిమానీనదం, వంపు తిరుగుతూ కిందికి జారిన ఐసు. అంచుల్లో నీలం. ఫ్యాక్టరీ దిమ్మల లోపల కూడా ఒక్కోసారి ఆ నీలం కనబడుతుంది గాని, ఇది కదలక మెదలక పడుకుని ఉంది, ఎవరికీ అమ్మక్కర్లేకుండా. మా ఆవిడ నా వీపు మీద నుంచి దిగలేదు. నా మెడ మీద వెచ్చగా కన్నీళ్లు పడ్డాయి.

"బతికేరండి మీరు," అంది. అంతే.

తిరుగుదారిలో గేరు వెయ్యడానికి ఆవిడ కాలు పనిచెయ్యదు. ముసలామె ఇంటి ముందు చదునుగా ఉన్నచోట మా ఆవిడ నాకు బండి నేర్పింది. "బేగి వొద్దండి, మెల్లగా! అలాగ... బ్రేకు!" రెండుసార్లు కోళ్ల గూట్లోకి పోయాను. ముసలామె పొట్ట పట్టుకుని నవ్వింది. బయల్దేరేటప్పుడు మా ఆవిడ ఒళ్లో కమలాపళ్లు పోసింది. వంతెన దగ్గర ఎవరో కట్టెలవాళ్లు బండి దాటించిపెట్టారు. మిగతా దారంతా నేనే నడిపాను, ఆవిడ నా చెవిలో చెబుతుండగా, మనిషి నడకకంటే కాస్త జోరుగా.

ఆ తరవాత దేశంలో గొడవలు ముదిరి, ఆ వైపు పోయే వీలు లేకుండా పోయింది. ఆ ముసలామె ఎలా ఉందో తెలీదు. మా ఆవిడ దీపం పెట్టినప్పుడల్లా మా ఇంటివాళ్లతో పాటు ఆమెని కూడా తలుచుకుంటుంది. పేరు తెలీదు గనక "పొయ్యి కాడ కూకోబెట్టినామె" అంటుంది.