మహాదేవప్ప సాకు

మొన్నటి వానాకాలంలో నీళ్లు మా గల్లీ మీద పడ్డప్పుడు అందరి ఇళ్లలోకీ వచ్చాయి, పోయాయి. మహాదేవప్ప పిండి గిర్నిలో మాత్రం కాపురమే పెట్టాయి. మోటారు మునిగింది, వెనక గోడ కూలింది. అంతవరకైతే ఆయన తట్టుకునేవాడే. కానీ పిండి పట్టించుకోవడానికి జనం నమ్మి వదిలివెళ్లిన జొన్నలు సంచుల్లోనే మొలకలెత్తాయి. పొలంలో కూడా అంత ఏపుగా రావు. పిడికెడు పిండి తక్కువిచ్చాడన్న మాట ఎన్నడూ పడని మనిషి, ఆ మొలకలు చూసి గిర్ని ముందర మంచం వాల్చుకుని పడుకున్నాడు. రోజులు గడిచినా మంచం దిగలేదు.

మా దగ్గర పరామర్శ అంటే ఎదుటివాడి కష్టం అడిగి మన కష్టం చెప్పి రావడం. నేనూ పోయి మునిగిన మా ఫ్రిజ్ గురించి చెప్పి వచ్చాను. ఎవరు ఏం చెప్పినా ఆయనది ఒకటే మాట: "సాకు." వాళ్లు లింగాయతులు, ఇంట్లో కన్నడం. కన్నడంలో సాకు అంటే చాలు, ఇక ఆపమని. బజారులో ఆయన తెలుగు మా అందరికంటే గట్టిది గానీ, దెబ్బ తిన్న మనిషికి తల్లి భాషే నోట్లో మిగిలినట్టుంది. ధైర్యం చెప్పడానికి పట్నం నుంచి ఒక బృందం వచ్చి, "మనసులో ఉన్నది బయటికి చెప్పండి" అంది. "సాకు" అన్నాడు. "నిజమే, ముందు మనల్ని మనమే సాకుకోవాలి" అని తలలూపి, ఆయన మంచం పక్కన ఫోటో దిగి వెళ్లిపోయారు.

మహాదేవప్ప ఇంటి వెనక గదిలో కిరాయికుండే గ్రేసమ్మది ఖమ్మం దిక్కు. హాస్టల్లో వంట చేస్తుంది. కన్నడం ముక్క రాదు. నీళ్లలో థర్మాకోల్ డబ్బా మీద ఊరేగుతూ వచ్చిన కోడిపెట్ట ఒకటి, నీళ్లు తీసినా ఆమె గడప వదలడం లేదు. మహాదేవప్పదేమో గుడ్డు పేరెత్తితేనే గిన్నెలు తోముకునే ఇల్లు. భయపడుతూనే దాన్ని మంచం దగ్గరికి తెచ్చింది.

"కాకా, దీన్ని ఎవలూ అడుగుతలేరు. ఏం జెయ్యమంటవ్? ఇడిసిపెట్టాల్నా?"

"సాకు."

"సాకాల్నా?"

"సాకు, సాకు!"

"సల్లగుండు కాకా" అని గ్రేసమ్మ కోడిని జామచెట్టుకు కట్టేసింది.

మహాదేవప్ప భార్య శివగంగ గుమ్మంలో నిలబడి అంతా విన్నది. ఆమెకు రెండు భాషలూ వచ్చు. అయినా నోరు మెదపలేదు.

మహాదేవప్ప వాకిట్లో కోడికి చోటు దొరికిందన్న వార్త గల్లీ అంతా పాకింది. ఆటో నడిపే బస్వరాజ్ బురదలో దొరికిన మేకపిల్లను తెచ్చాడు. వాడి ఇంట్లోనూ కన్నడమే.

"కాకా, గీ పిల్లనేం జేద్దాం?"

"సాకు!"

"అట్లనే కాకా" అని తాడు కట్టి పోయాడు. అవసరం మనదైతే ఏ భాషలో వినాలో చెవులకు తెలుసు. తర్వాత ఒక బాతు వచ్చింది. మా నారాయణఖేడ్‌లో బాతును ఎవరు పెంచారో నాకు ఇప్పటికీ తెలియదు. ఆఖరికి ఒక కుంటి గాడిద కూడా వచ్చింది. ఆయన ప్రతిసారీ గొంతు పెంచి "సాకు" అంటున్నాడు, జనం "ఎంత పెద్ద మనసు" అంటున్నారు.

నాకు ఒళ్లు మండి శివగంగను అడిగాను. "నీకు తెలుసు గదా వదినా, జర జెప్పరాదు?"

"జెప్తె మల్ల అటు మల్లి పండుకుంటడు" అన్నది. "మొదలు గొంతులనే అంటుండె. కోడి వచ్చినంక ఇనవడేటట్టు అంటుండు. గాడిద వచ్చిననాడు మోచెయ్యి మీద లేశిండు. ఏడన్న ఏనుగు దొరికితె తోలుకరా."

ఆ మాట నవ్వుతూ అనలేదు. కళ్లనిండా నీళ్లున్నాయి.

ఒక పొద్దున కోడి కనబడలేదు. వెతికితే గిర్నిలో ఉంది. జొన్నలు పోసే తొట్టిలో కూర్చుని, గుడ్డు పెట్టి, ఊరందరికీ చెప్పుకుంటోంది. మెడలో లింగం ఉన్న మనిషి గిర్నిలో గుడ్డు! మహాదేవప్ప మంచం దిగాడు. లోపలికి పోయి చూసి, గల్లీ దద్దరిల్లేలా తెలుగులో అరిచాడు.

"ఏ గ్రేసమ్మా! సాకు అంటె చాలు అని! చాలు! జనం తినే పిండి పట్టే తొట్టి గిది. దీన్ని గిప్పుడెవరు కడగాలె? జొన్నలిచ్చినోళ్లు వస్తె నేనేం మొకం వెట్టుకోని నిలవడాలె?"

అంటూ అంటూనే తొట్టి పట్టుకుని ఏడ్చాడు. నీళ్లు వచ్చిన నాటి నుంచి ఆయన ఏడవడం ఎవరూ చూడలేదు.

"చాలంటె ఆనాడే చాలనకపోతివా కాకా" అని గొణిగి, గ్రేసమ్మ చిన్నబోయి కోడిని చంకలో పెట్టుకుని బయల్దేరింది. కోడి ముక్కుకు జొన్న మొలక ఒకటి ఇంకా అంటుకునే ఉంది. ఎవరికీ పనికిరావనుకున్న జొన్నలను అది కడుపునిండా తిన్నట్టుంది. మహాదేవప్ప ఆ ముక్కునే చూస్తూ నిలబడ్డాడు.

"సాకు" అన్నాడు, మెల్లగా.

గ్రేసమ్మ ఆగింది. మేకపిల్లను విప్పుతున్న బస్వరాజ్ చేతులు ఆగాయి. ఎటు కదలాలో ఎవరికీ తోచలేదు.

శివగంగ ముందుకొచ్చింది. "ఏన్రీ, కన్నడమా, తెలుగా?"

ఆయన భుజం మీది తువాలు తీసి తొట్టి తుడవడం మొదలుపెట్టాడు.

"తెలుగే" అన్నాడు.